డిగ్రీ సెకండియర్ కెమిస్ట్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో బీఎస్సీ ఎంపీసీ, బీజెడ్‌సీ చదువుతున్నవాళ్లు, ఏపీలో కొత్త విధానంలో కెమిస్ట్రీ మేజర్ తీసుకున్నవాళ్లు రెండో ఏడాదిలోకి రాగానే నన్ను అడిగే ప్రశ్నలివి. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఏ టాపిక్ ఏ సెమిస్టర్‌లో వస్తుందనేది యూనివర్సిటీని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టి పేపర్ నంబర్ల జోలికి పోకుండా విషయం వరకే రాస్తున్నాను.

ఫస్టియర్‌లో మార్కులు బాగానే వచ్చాయి. సెకండియర్ ఒక్కసారిగా ఎందుకింత కష్టంగా అనిపిస్తోంది?

ఫస్టియర్‌లో చాలామటుకు ఇంటర్‌లో చూసిందే మళ్లీ కాస్త లోతుగా వస్తుంది. హైడ్రోకార్బన్లు, పి బ్లాక్, వాయువులు, ద్రావణాలు. పరీక్ష ముందు పది రోజులు గట్టిగా కూర్చుంటే గట్టెక్కేయొచ్చు. సెకండియర్‌లో ఆల్కహాల్స్, ఆల్డిహైడ్లు, కీటోన్లు, థర్మోడైనమిక్స్, కాంప్లెక్సులు (లోహ అయాన్ చుట్టూ వేరే అణువులో అయాన్లో చేరిన సమ్మేళనాలు) వచ్చేసరికి ఒకదాని మీద ఇంకొకటి ఆధారపడి ఉంటాయి. కార్బొకాటయాన్ (ధనావేశం ఉన్న కార్బన్) స్థిరత్వం సరిగా రానివాళ్లకి ఎస్ఎన్1 (ఒక గుంపు ముందు వెళ్లిపోయాక ఇంకోటి వచ్చి చేరే ప్రతిక్షేపణ చర్య) రాదు, ఎస్ఎన్1 రానివాళ్లకి ఆల్కహాల్స్ నుంచి నీరు పోయే చర్యలు రావు, అలా మూడు యూనిట్ల తర్వాత ఎక్కడ దెబ్బతిన్నామో కూడా తెలియదు. తెలివి తగ్గిపోయిందని బెంగపడాల్సిన పనేమీ లేదు. ఇంటర్‌లో కోచింగ్ హడావిడిలో వదిలేసిన పునాది ఇప్పుడు బయటపడుతోంది, అంతే. మొదటి రెండు వారాలు పాత పాఠాల్లో మూడు మళ్లీ చదవండి: ఇండక్టివ్ ఎఫెక్ట్, రెజొనెన్స్, ఆమ్లాలు-క్షారాలు. ఈ మూడూ వస్తే ఆర్గానిక్‌లో సగం బరువు దిగిపోతుంది.

ఆర్గానిక్ రియాక్షన్లు వందల్లో ఉన్నాయి. బట్టీ పట్టకుండా ఎలా గుర్తుంటాయి?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

వందల చర్యలున్నా జరిగే పని ఒకటే. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతాయి. ఏ ప్రశ్న వచ్చినా ముందు పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టండి, ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఎవరు, తీసుకునేది ఎవరు అని. ఆ తర్వాతే బాణం గీయండి. బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్ జంట దగ్గరే మొదలవ్వాలి, అది చేరే చోట ఆగాలి. మా పిల్లల పేపర్లలో నేను ఎక్కువగా ఎర్ర ఇంకు పెట్టేది ఇక్కడే. ప్రోటాన్ నుంచి ఆక్సిజన్ వైపు బాణం గీస్తారు. ప్రోటాన్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు, ఆక్సిజన్ మీదున్న లోన్ పెయిర్ (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంట) ప్రోటాన్ వైపు వెళ్లాలి. ఇంకో తప్పు, కార్బన్‌కి ఐదో బంధం పెట్టేయడం. ప్రతి మెట్టు గీశాక కార్బన్ బంధాలు నాలుగు దాటాయా, మొత్తం ఆవేశం రెండు వైపులా సమానంగా ఉందా అని చూసుకుంటే ఇలాంటివి అక్కడికక్కడే దొరికిపోతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2-బ్రోమోబ్యూటేన్ తీసుకుని, ఆర్ రూపం (ఆర్, ఎస్ అంటే కార్బన్ చుట్టూ గుంపుల రెండు రకాల అమరికలు, కింద వివరించాను) ఉన్నదనుకోండి, దాని మీదికి హైడ్రాక్సైడ్ అయాన్ వచ్చింది. ఎస్ఎన్2 మార్గంలో, అంటే రావడం, పోవడం ఒకే మెట్టులో జరిగితే హైడ్రాక్సైడ్ బ్రోమిన్ ఉన్న వైపు నుంచి రాలేదు, వెనక నుంచి వచ్చి కార్బన్‌ని పట్టుకుంటుంది, అదే సమయంలో బ్రోమైడ్ అటు నుంచి వెళ్లిపోతుంది. మిగిలిన మూడు గుంపులూ అటువైపు తిరిగిపోతాయి, మనకు ఎస్ రూపం బ్యూటన్-2-ఓల్ వస్తుంది. దీన్నే వాల్డెన్ విలోమం అంటారు. ఇప్పుడు దాని బదులు టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ పెట్టండి. కార్బన్ చుట్టూ మూడు మిథైల్ గుంపులు అడ్డంగా ఉన్నాయి, వెనక నుంచి వచ్చే దారి మూసుకుపోయింది. కానీ బ్రోమైడ్ తనంతట తాను వెళ్లిపోతే మిగిలే కార్బొకాటయాన్‌ని ఆ మూడు మిథైల్ గుంపులే నిలబెడతాయి. కాబట్టి ఇది ఎస్ఎన్1. నెమ్మదిగా జరిగేది మొదటి మెట్టే, అందులో హైడ్రాక్సైడ్‌కి పాత్ర లేదు, అందుకే దాని గాఢత పెంచినా ఆ ఎస్ఎన్1 వేగం మారదు. చూశారా, రేటు సమీకరణం, స్టీరియోకెమిస్ట్రీ, సెకండరీ-టెర్షియరీ తేడా మూడూ ఒకే బొమ్మలోంచి వచ్చాయి. గైడ్‌లో పట్టిక వేసి ఇచ్చిన తేడాలు ఇవే, ఆ పట్టికని మీరు గీసుకున్న బొమ్మ చూసి రాయగలగాలి.

ఇంకొంచెం ముందుకెళ్లండి. అదే 2-బ్రోమోబ్యూటేన్‌ని ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే ఏమవుతుంది? ప్రతిక్షేపణ తగ్గి విలోపనం (హైడ్రోజన్, బ్రోమిన్ పోయి ద్విబంధం ఏర్పడడం) జరుగుతుంది, ఎక్కువ గుంపులున్న ద్విబంధమే ఎక్కువగా వస్తుందనే సేట్జెఫ్ నియమం ప్రకారం ఎక్కువగా 2-బ్యూటీన్ వస్తుంది. ఒకే పదార్థాన్ని పరిస్థితులు మార్చి మార్చి ఇలా నాలుగైదు రకాలుగా ప్రశ్నించుకోవడం ఇరవై చర్యలు పది సార్లు రాయడం కన్నా ఎంతో మేలు.

నేమ్డ్ రియాక్షన్లు కలిసిపోతున్నాయి. ఆల్డాల్, కన్నిజారో, బెంజోయిన్, పెర్కిన్... ఎలా?

కార్బొనైల్ పక్క కార్బన్ మీద హైడ్రోజన్ (దీన్నే ఆల్ఫా హైడ్రోజన్ అంటారు) ఉందా లేదా, ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. ఎసిటాల్డిహైడ్‌కి ఆల్ఫా హైడ్రోజన్ ఉంది, సజల సోడియం హైడ్రాక్సైడ్ దాన్ని లాక్కుంటుంది, ఏర్పడిన కార్బానయాన్ (రుణావేశం ఉన్న కార్బన్) ఇంకో అణువు మీద పడుతుంది, అది ఆల్డాల్. బెంజాల్డిహైడ్‌కి, ఫార్మాల్డిహైడ్‌కి ఆల్ఫా హైడ్రోజన్ లేదు, లాక్కోవడానికి ఏమీ లేదు. కాబట్టి గాఢ క్షారంలో ఒక అణువు ఆక్సీకరణం చెంది ఇంకోటి క్షయకరణం చెందుతుంది. బెంజాల్డిహైడ్ అయితే బెంజైల్ ఆల్కహాల్, సోడియం బెంజోయేట్ వస్తాయి, అది కన్నిజారో. అదే బెంజాల్డిహైడ్‌కి క్షారం బదులు సయనైడ్ పెడితే బెంజోయిన్. బెంజాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ రెండూ కలిపి సజల క్షారం వేస్తే సినమాల్డిహైడ్ వస్తుంది. బిర్యానీలో వేసే దాల్చినచెక్కకి ఆ వాసన ఇచ్చేది ఇదే పదార్థం, దీన్ని ఒకసారి క్లాసులో చెప్తే పిల్లలు మళ్లీ మర్చిపోవడం నేను చూడలేదు. పెర్కిన్‌లో కార్బానయాన్ ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ నుంచి వస్తుంది, చివరికి సినమిక్ ఆమ్లం. అన్నీ అన్నదమ్ముల్లాంటి చర్యలే.

ఆర్, ఎస్ గుర్తించడం, ఛైర్ రూపాలు... కాగితం మీద ఎంత చూసినా కళ్లకు కట్టట్లేదు.

కట్టదు, ఎందుకంటే అవి కాగితం మీద ఉండేవి కావు. మోడల్ కిట్ కొనగలిగితే కొనుక్కోండి, లేదంటే చపాతీ పిండి ముద్దలు, పళ్లపుల్లలు చాలు. నాలుగు ముద్దలకి నాలుగు రంగులు వేసి మధ్య ముద్దకి గుచ్చండి. అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యం ఉన్న గుంపుని మీకు దూరంగా పెట్టి మిగతా మూడింటినీ ప్రాధాన్యం వరసలో చూస్తూ వెళ్లండి. గడియారం ముళ్ల దిశలో తిరిగితే ఆర్, ఎదురు దిశలో అయితే ఎస్. ఏవైనా రెండు ముద్దల్ని తారుమారు చేస్తే ఆర్ కాస్తా ఎస్ అవుతుంది, ఇది చేత్తో చేసి చూడాల్సిందే. ఫిషర్ బొమ్మలో అడ్డ గీతల మీదున్నవి మన వైపు వస్తాయన్నది కూడా అప్పుడే అర్థమవుతుంది.

నేను బీజెడ్‌సీ. లెక్కలు వదిలేసి రెండేళ్లయింది. ఫిజికల్ కెమిస్ట్రీ చూస్తేనే టెన్షన్. ఏం చేయాలి?

మీకు కావాల్సిన లెక్కలు చాలా తక్కువ, ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తాయి. లాగరిథమ్ నియమాలు మూడు, మామూలు లాగ్‌ని 2.303తో గుణిస్తే సహజ లాగ్ రావడం, సరళరేఖ వాలు కనుక్కోవడం, ఒకటి బై ఎక్స్‌ని సమాకలనం చేస్తే సహజ లాగ్ వస్తుందన్న సంగతి. కైనెటిక్స్‌లో ప్రథమ క్రమాంక సమీకరణం, థర్మోలో సమోష్ణ వ్యాకోచం, నెర్‌న్‌స్ట్ సమీకరణం, అన్నింట్లోనూ ఉండేది ఇదే లాగ్. ఎంపీసీ స్నేహితులెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, నామోషీ పడకండి. వాళ్లకి బయోమాలిక్యూల్స్ మీరు చెప్పండి.

లెక్క చేసేటప్పుడు యూనిట్లు ప్రతి లైన్‌లో రాయండి. వాయు స్థిరాంకం 8.314 వాడితే జౌల్స్, 0.0821 వాడితే లీటర్-అట్మాస్ఫియర్లు. ఎంథాల్పీ కిలోజౌల్స్‌లో ఇచ్చి ఎంట్రోపీ జౌల్స్‌లో ఇస్తారు, అలాగే తీసేస్తే ఎంట్రోపీ భాగంలో వెయ్యి రెట్లు తేడా వస్తుంది. ఉష్ణోగ్రత కెల్విన్‌లోకి మార్చడం మర్చిపోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

థర్మోడైనమిక్స్‌లో పనికి ప్లస్సా మైనస్సా? ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా ఉంది.

రెండూ సరైనవే. పాత పుస్తకాలు వ్యవస్థ చేసిన పనిని ప్లస్‌గా తీసుకుంటాయి, అందుకే వాటిలో అంతర్గత శక్తి మార్పు అంటే ఉష్ణం మైనస్ పని. ఇప్పటి పుస్తకాలు వ్యవస్థ మీద జరిగిన పనిని ప్లస్ అంటాయి, అక్కడ ఉష్ణం ప్లస్ పని. రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని ఒక సూత్రం ఇక్కడ్నుంచి, ఇంకో సూత్రం అక్కడ్నుంచి తీసుకుంటేనే కొంప మునుగుతుంది. కొత్త పద్ధతికి కట్టుబడండి, జవాబు మొదట్లో ఏ పద్ధతి వాడుతున్నారో ఒక లైన్ రాయండి.

ఒక మోల్ ఆదర్శ వాయువు 300 కెల్విన్ దగ్గర 10 లీటర్ల నుంచి 20 లీటర్లకి ఉత్క్రమణీయంగా వ్యాకోచించిందనుకోండి. 8.314, 300, 2 యొక్క సహజ లాగ్ అంటే 0.693, ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 1729 జౌల్స్. వాయువే పని చేసింది కాబట్టి కొత్త పద్ధతిలో పని మైనస్ 1729. ఉష్ణోగ్రత మారలేదు, ఆదర్శ వాయువు కాబట్టి అంతర్గత శక్తి మారలేదు, అంటే అంతే ఉష్ణం లోపలికి వచ్చింది, ప్లస్ 1729. సూత్రం కన్నా ముందు వాయువు ఏం చేస్తోందో ఊహించుకుంటే ప్లస్-మైనస్ గుర్తు తప్పదు.

కాంప్లెక్సుల్లో క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం అవసరమా? వేలెన్స్ బాండ్ సిద్ధాంతంతో సరిపెట్టుకోకూడదా?

ఆకృతి, అయస్కాంత స్వభావం వరకైతే వేలెన్స్ బాండ్‌తో నడుస్తుంది. నికెల్ టెట్రాసయనైడ్ సమతల చతురస్రం, డయామాగ్నెటిక్. నికెల్ టెట్రాక్లోరైడ్ అయాన్ చతుర్ముఖి, రెండు ఒంటరి ఎలక్ట్రాన్లతో పారామాగ్నెటిక్. కానీ రంగెందుకొచ్చిందంటే అది సమాధానం చెప్పలేదు, అక్కడ క్రిస్టల్ ఫీల్డ్ కావాల్సిందే. ల్యాబ్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణం గులాబీ రంగులో ఉంటుంది, దానికి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే నీలంగా మారుతుంది, నీళ్లు పోస్తే మళ్లీ గులాబీ. నీటి అణువులు ఆరు ఉన్న అష్టముఖి కాంప్లెక్సు, క్లోరైడ్లు నాలుగు ఉన్న చతుర్ముఖి కాంప్లెక్సు, రెండింట్లో డి ఆర్బిటాళ్ల మధ్య శక్తి తేడా వేరు, అందుకే పీల్చుకునే కాంతి వేరు. డిమాన్‌స్ట్రేటర్‌ని అడిగి ఇది ఒక్కసారి చేసి చూడండి.

ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ రీడింగులు ఎప్పుడూ కలవవు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

పర్మాంగనేట్-ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్‌నే తీసుకుంటాను, దాదాపు అందరూ చేసేదే కాబట్టి. ఆక్సాలిక్ ఆమ్లానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60-70 డిగ్రీల దాకా వేడి చేయాలి. మొదటి చుక్కలు వేసినప్పుడు రంగు వెంటనే పోదు, కాసేపు అలాగే ఉంటుంది. అది చూసి ఎండ్ పాయింట్ వచ్చేసిందని ఆపేస్తారు కొందరు, లేదా కంగారుపడి గబగబా పోసేస్తారు. కుదుపుతూ ఆగండి. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఉత్ప్రేరకంగా పనిచేస్తాయి, అవి కొంచెం తయారయ్యాక ఆ తర్వాతి చుక్కలు పడగానే రంగు పోతుంది. చివర్లో అర నిమిషం నిలిచే లేత గులాబీ రంగు, అదే ఎండ్ పాయింట్. ముదురు రంగు వచ్చిందంటే దాటిపోయారు.

పర్మాంగనేట్ ముదురు రంగులో కింది వంపు కనిపించదు కాబట్టి పై అంచు చదవండి, మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ అలాగే. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఎందుకు వాడకూడదని వైవాలో తప్పక అడుగుతారు. క్లోరైడ్‌ని కూడా పర్మాంగనేట్ ఆక్సీకరణం చేసేస్తుంది, రీడింగ్ పెరిగిపోతుంది. నైట్రిక్ ఆమ్లం తనే ఆక్సీకారిణి కాబట్టి అదీ కుదరదు. బ్యూరెట్‌ని నింపబోయే ద్రావణంతోనే కడగాలి, కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే, ఈ రెండూ తారుమారు చేస్తే ఎంత జాగ్రత్తగా చేసినా కలవవు.

పక్కవాళ్ల రీడింగ్ చూసి కలిసేలా రాసేస్తే ఏం?

రాయకండి. మీలో చాలామంది రేపు పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో చేరతారు. అక్కడ మీరు రాసే ప్రతి అంకె ఎవరో వేసుకునే మాత్ర గురించి. రీడింగ్ ముందే అనుకుని రాయడం, తేడా వచ్చిన ఫలితాన్ని పక్కన పడేసి మళ్లీ చేయడం, ఇవి తనిఖీల్లో బయటపడితే ఉద్యోగం పోతుంది, కంపెనీ మందులు ఎగుమతి కావడం ఆగిపోతుంది. తేడా వచ్చిన రీడింగ్‌ని అలాగే రాసి కారణం ఏమై ఉంటుందో కింద ఒక లైన్ రాసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గించను. మీ మేడమో సారో తగ్గిస్తారని భయమైతే ముందే వెళ్లి మాట్లాడండి.

ల్యాబ్‌లో ఆమ్లాలంటే భయం.

కొంచెం భయం ఉండాల్సిందే. నోటితో పిపెట్ పీల్చే అలవాటు ఇంకా చాలా కాలేజీల్లో ఉంది, దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రబ్బర్ బల్బ్ అడగండి, లేదంటే తెప్పించమని రాసివ్వండి. పలుచన చేసేటప్పుడు నీటిలోకి ఆమ్లం నెమ్మదిగా పోయాలి, ఆమ్లంలోకి నీరు ఎప్పుడూ పోయకూడదు. చున్నీ నడుముకి కట్టుకోండి, జుట్టు ముడేసుకోండి, ఈథర్ సీసా తెరిచే చోట బర్నర్ వెలగకూడదు. సాల్ట్ అనాలిసిస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, కుళ్లిన గుడ్ల వాసన కాసేపటికి తెలియడం మానేస్తే గ్యాస్ పోయిందని అనుకోవద్దు, మీ ముక్కు మొద్దుబారి ఉంటుంది. ఒంటి మీద ఆమ్లం పడితే మొదట కుళాయి కింద పెట్టండి, ఎక్కువసేపు.

ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడంతా ఇంగ్లీషే. ఎలా నెట్టుకురావాలి?

విషయం తెలుగులోనే అర్థం చేసుకోండి, పరీక్ష ఇంగ్లీషులో రాయండి. తెలుగు అకాడమీ పుస్తకాలు లైబ్రరీలో దొరికితే పక్కన పెట్టుకుని ఒక పేరా అందులో, అదే పేరా ఇంగ్లీషు పుస్తకంలో చదవండి. కెమిస్ట్రీ జవాబులో సగం సమీకరణాలు, బొమ్మలు, గ్రాఫులే ఉంటాయి, వాటికి మీడియం లేదు. వాటిని శుభ్రంగా వేసి, మధ్యలో చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు. వ్యాకరణం కోసం మార్కులు కోసే ఎగ్జామినర్‌ని నేనింతవరకు చూడలేదు.

రోజూ ఎంతసేపు చదవాలి?

గంట చాలు, కానీ పెన్ను చేతిలో ఉండాలి. యూట్యూబ్‌లో రెండు గంటలు వీడియో చూసి అర్థమైపోయిందనుకోవడం వేరు, తెల్లకాగితం మీద ఆ మెకానిజం మళ్లీ గీయగలగడం వేరు. ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ఆన్‌లైన్ వేదికల్లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, బాగుంటాయి, వాటిని కూడా పది నిమిషాలకోసారి ఆపి గీస్తూ చూడండి. క్లాసు జరిగిన రోజే ఆ పాఠం ముట్టుకోవడం ఒక్కటి చేస్తే సెమిస్టర్ చివర నైట్ ఔట్లు అవసరం ఉండదు.

ఒక పేపర్ బ్యాక్‌లాగ్ ఉండిపోయింది. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది.

చెప్పేయండి, ఫీజు కట్టే తేదీ దాటిపోకముందే. సప్లీ రాయడం అవమానమేమీ కాదు, మా దగ్గర సప్లీ రాసి తర్వాత ఎమ్మెస్సీ చేసినవాళ్లు ఉన్నారు. పాత ప్రశ్నపత్రాలు ఐదు తీసుకుని ఏ యూనిట్ నుంచి ఏమడిగారో గుర్తించండి, మీకు దాదాపుగా వచ్చిన యూనిట్లతో మొదలుపెట్టండి. అస్సలు రాని యూనిట్‌తో మొదలుపెడితే రెండో రోజే పుస్తకం మూసేస్తారు.

మాది లైఫ్ సైన్సెస్ వైపు. మాకు ఇంత కెమిస్ట్రీ ఎందుకు?

భీమవరంలో 1895లో పుట్టిన బయోకెమిస్ట్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పని చూడండి. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫాస్ఫేట్‌తో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది, ఆ రంగు ఎంత ముదురో కొలిస్తే ఫాస్ఫేట్ ఎంతో తెలుస్తుంది. మీరు కలరీమీటర్ ముందు నిలబడి బీర్-లాంబర్ట్ నియమం అంటూ గీసే గ్రాఫ్ వెనకున్న ఆలోచన అదే. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ని పట్టుకోగలిగారు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మా, ఎటు వెళ్లినా బఫర్లు, మోలారిటీ, స్పెక్ట్రోస్కోపీ మీ వెంటే వస్తాయి.

ఎమ్మెస్సీ చేయాలనుంది. ఇప్పట్నుంచే ఏం మొదలుపెట్టాలి?

తెలంగాణలో సీపీగెట్, ఏపీలో ఏపీపీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి, వీటికి డిగ్రీ సిలబస్ గట్టిగా చదివితే సరిపోతుంది. ఐఐటీల్లో చేరాలంటే జామ్ రాయాలి, అది మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో కొన్నిటికి ఆప్షన్లే ఉండవు, అంకె మీరే వేయాలి, ఇంకొన్నిటికి ఒకటి కన్నా ఎక్కువ సరైన జవాబులుంటాయి, అన్నీ గుర్తిస్తేనే మార్కు. జామ్ ప్రశ్నల్లో సెకండియర్ పాఠాల వాటా పెద్దది కాబట్టి ఏ యూనిట్ అయిపోతే ఆ యూనిట్ మీద పాత జామ్ ప్రశ్నలు అప్పుడే చేయండి, ఫైనల్ ఇయర్ దాకా ఆగకండి. పాత పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. జామ్‌లో తెరమీద వచ్చే కాలిక్యులేటర్‌నే వాడాలి, సొంతది తీసుకెళ్లనివ్వరు, కాబట్టి మౌస్‌తో లాగ్ విలువలు నొక్కడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి.